తెలుగు లింకు కాపీ చేస్తే ఈ శాతం గుర్తులేంటి?

ప్రశ్న: తెలుగు వికీపీడియా పేజీ ఓపెన్ చేస్తే పైన అడ్రస్ బార్‌లో పేరు చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది. అదే కాపీ చేసి ఎవరికైనా పంపితే మాత్రం మూరెడు పొడవున శాతం గుర్తులూ అంకెలూ వస్తున్నాయి. బ్రౌజర్‌లో వైరస్ ఏమైనా ఉందా?

జవాబు: వైరస్ లేదు, లింకూ పాడవలేదు. నొక్కితే అదే పేజీకి వెళ్తుంది. ఈ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, తప్పు అడిగేవాళ్లది కాదు, బ్రౌజర్ ఒకటి చూపించి ఇంకోటి చేతిలో పెడుతోంది, ఎందుకో ఒక్క ముక్క చెప్పదు.

అసలు సంగతేంటంటే, 2005లో ఖరారైన లింకుల ప్రమాణం ప్రకారం అడ్రస్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మన అక్షరం ఒక్కోటి కంప్యూటర్‌లో 3 బైట్లు, ఒక్కో బైటుకి ఒక శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాలు. అంటే ‘త’ అనే ఒక్క అక్షరం ‘%E0%B0%A4’ అయి కూర్చుంటుంది. గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కే కాబట్టి ‘తెలుగు’ అన్న చిన్న మాట 54 అక్షరాలవుతుంది! బ్రౌజర్ బార్‌లో మన కోసం దాన్ని తెలుగు చేసి చూపిస్తుంది, కాపీ చేసేటప్పుడు మాత్రం ఎక్కడ అతికించినా లింకు మధ్యలో తెగకుండా అసలు రూపం ఇస్తుంది. కారణం సబబే, కానీ ఎలా కావాలో మనల్ని అడగొచ్చు కదా.

తెలుగులోనే కావాలంటే కంప్యూటర్‌లో అయితే మొదటి అక్షరం వదిలేసి మిగతాదంతా సెలెక్ట్ చేసి కాపీ చేయండి, చాలా బ్రౌజర్లలో తెలుగు తెలుగులాగే వస్తుంది, వదిలిన అక్షరం, ముందు రావాల్సిన ‘హెచ్‌టీటీపీఎస్’ భాగం మీరే టైప్ చేసుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో దీనికి సెట్టింగే ఉంది, కానీ మామూలు సెట్టింగ్స్‌లో కనపడకుండా లోపలెక్కడో దాచారు.

ఇంతవరకు చిన్న విషయమే. నన్ను నిజంగా భయపెడుతున్నది తర్వాత జరిగేది. ఈ పొడవాటి లింకు చూడ్డానికి బాలేదని లింకులు కుదించే సైట్లలో పెట్టి పొట్టి లింకు చేసి పంపేస్తున్నారు. దాన్ని చూస్తే ఎక్కడికి తీసుకెళ్తుందో ఎవరికీ తెలీదు, అయినా తెలిసినవాళ్లు పంపారు కదా అని నొక్కేస్తారు, అలా చూడకుండా నొక్కడం అలవాటైపోయాక బ్యాంకు పేరుతో దొంగ లింకు వచ్చినా అదే వేలు అదే పని చేస్తుంది. దయచేసి పొడవు లింకే పంపండి. పొడవుగా ఉన్నా దాచేది ఏమీ లేదు, సైట్ పేరు ముందే కనపడుతుంది.

లింకులో చూడాల్సింది మొదటి రెండు స్లాష్‌ల తర్వాత నుంచి ఆ తర్వాతి స్లాష్ దాకా, అంతే. శాతం గుర్తులు ఆ స్లాష్ దాటాక ఉంటే మామూలే. సైట్ పేరులోనే ఉంటే మాత్రం నొక్కొద్దు. అక్కడ ‘ఎట్’ గుర్తు కనిపించినా అంతే, దాని ముందున్న పేరు ఎంత నమ్మకంగా అనిపించినా బ్రౌజర్ వెళ్లేది దాని తర్వాత ఉన్న సైట్‌కే. కంటికి ఒకేలా కనపడే వేరే లిపి అక్షరాలతో కూడా మోసం చేయొచ్చు, 2017లో ఒక పరిశోధకుడు రష్యన్ లిపి అక్షరాలతో ఒక పెద్ద కంపెనీ పేరు అచ్చుగుద్దినట్టు రిజిస్టర్ చేసి చూపించాడు, అప్పటికి కొన్ని బ్రౌజర్లు దాన్ని పట్టుకోలేకపోయాయి. తాళం గుర్తు ఉందిగా అంటారేమో, తాళం అంటే మధ్యలో ఎవరూ వినట్లేదని మాత్రమే, అవతలివాడు మంచోడని కాదు, దొంగ సైట్‌కి కూడా అది ఉచితంగానే దొరుకుతుంది.

ఇంత జాగ్రత్త మనం పడుతుంటే ఫోన్ బ్రౌజర్లు ఏం చేస్తున్నాయో చూడండి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అడ్రస్ బార్‌ని ఇంకాస్త కుదించడం, కిందకి స్క్రోల్ చేయగానే మాయం చేయడం. స్క్రీన్ ఖాళీగా అందంగా ఉండాలట! మనిషి చదవాల్సిన ఒకే ఒక్క లైను అది, దాన్నే ఎందుకు దాస్తారు?