టెక్ సందేహాలు: ‘నేనేటి చెప్పగలను సార్?’

విజయనగరంలో వెబ్‌సైట్లు చేసేవాళ్లంతా ఒక ఆదివారం కాలేజీ సెమినార్ హాల్లో కలుసుకుని, తమకు తెలిసింది నలుగురికీ చెప్పుకోబోతున్నారు. ప్రవేశం ఉచితం, మాట్లాడేవాళ్లకి ఇచ్చేదీ ఏమీ లేదు, మధ్యాహ్నం భోజనం తప్ప. ఈ కబురు బయటికొచ్చిన దగ్గర్నుంచి నాకొచ్చే ప్రశ్నల తీరే మారిపోయింది. ఫోన్ వేడెక్కుతోందనీ, వాట్సాప్ బ్యాకప్ నిండిపోయిందనీ రాసేవాళ్లు ఈ వారం కాస్త ఆగాలి. ఉత్తరాలన్నీ ఆ సభ చుట్టూనే తిరుగుతున్నాయి.

రాజాం నుంచి ఒక పాఠకురాలు: డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చునే వెబ్‌సైట్లు చేస్తున్నాను. మూడేళ్లలో పదకొండు చేశాను: కోచింగ్ సెంటర్లు, ఒక మొక్కల నర్సరీ, ఒక ఫంక్షన్ హాలు. సభలో 20 నిమిషాలు, నేను సైట్లు చేసే వర్డ్‌ప్రెస్ అనే ప్రోగ్రాం గురించి మాట్లాడమన్నారు. సరేనన్నాను గానీ అప్పట్నుంచి నిద్ర లేదు. నాకు కోడింగ్ పెద్దగా రాదు. యూట్యూబ్‌లో లేనిది నేనేటి చెప్పగలను సార్?

అమ్మా, ముందు ఏం చెప్పకూడదో చెబుతాను. వర్డ్‌ప్రెస్ 2003 మే 27న విడుదలైందనీ, మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి దాన్ని మొదలుపెట్టారనీ, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయనీ మొదటి స్లైడు వేస్తారు చాలామంది. అన్నీ నిజాలే. హాల్లో ఉన్నవాళ్లందరి జేబుల్లోనూ ఉన్న నిజాలు. వాటికోసం ఆదివారం పూట బస్సెక్కి ఎవరూ రారు.

మీరు చేసిన పదకొండు సైట్లలో మిమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఏది? నా అంచనా ఫంక్షన్ హాలుది. ఎందుకంటే ఇలాంటి పని చేసిన ప్రతివాళ్లూ ఇదే దారిలో నడిచారు. ఓనరుగారు ముందు వాట్సాప్‌లో నలభై ఫొటోలు పంపుతారు. వాట్సాప్ వాటిని కుదించేస్తుంది కాబట్టి పెద్ద తెర మీద పెళ్లి మండపం మసకబారుతుంది. ‘డాక్యుమెంట్‌గా పంపండి సార్’ అంటారు మీరు. ఈసారి ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలతో దిగుతుంది. ఉన్నదున్నట్టు ఎక్కించేస్తారు. వారం తిరక్కుండా ఫోను: ‘ఏటమ్మా, మన సైటు తెరుచుకోవట్లేదు.’

మీ ప్రసంగం సరిగ్గా ఆ ఫోనుతో మొదలవ్వాలి. నమస్కారం చెప్పి, ఆ మాటే అని, కాసేపు ఆగండి. హాల్లో సగం మంది తలలూపుతారు.

తర్వాత అసలు సంగతి. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ పెద్ద ఫొటోలను తనంతట తానే 2560 పిక్సెళ్లకి తగ్గిస్తోంది. అంతటితో గండం గడిచిందనుకుంటాం. కానీ గ్యాలరీ పెట్టేటప్పుడు ‘ఫుల్ సైజ్’ ఎంచుకుంటే ఆ 2560 పిక్సెళ్ల బొమ్మే బయల్దేరే అవకాశం ఉంటుంది. చూసేవాళ్ల ఫోను తెర వెడల్పు చాలావరకు వెయ్యి పిక్సెళ్ల చుట్టుపక్కలే ఉంటుంది. బస్సులో కూర్చుని రెండు గీతల సిగ్నల్‌తో చూసే పెళ్లికూతురి మేనమామకి ఆ బరువంతా ఎందుకు? ఎక్కించకముందే ఫొటోను 1200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రూపంలోకి మార్చండి. వర్డ్‌ప్రెస్ 2021లో వచ్చిన 5.8 నుంచి దాన్ని నేరుగా తీసుకుంటోంది. మామూలు ఫొటో 150, 200 కేబీల్లో ఇమిడిపోతుంది. నలభై ఫొటోలకీ కలిపి ఆరు నుంచి ఎనిమిది ఎంబీలు. అదీ ఒక్కసారే దిగదు, కిందికి జరుపుతున్నకొద్దీ దిగుతుంది. ముందు ఇంత, తర్వాత ఇంత అని రెండు అంకెలు తెర మీద పక్కపక్కన చూపించండి. మీ ప్రసంగానికి ఆ ఒక్క స్లైడు ఉన్నా నడుస్తుంది.

ఫొటోల కథ వద్దనుకుంటే కోచింగ్ సెంటర్ల ఫీజుల కథ ఉంది. ‘ఆన్‌లైన్లో ఫీజు కట్టించుకోవాలి’ అని వాళ్లు తేలిగ్గా అనేస్తారు. పేమెంట్ గేట్‌వేకి దరఖాస్తు పెట్టాక గానీ తెలియదు, పాన్, బ్యాంకు ఖాతాలతో పాటు సైట్లో ప్రైవసీ పాలసీ, రీఫండ్ పాలసీ, చిరునామాతో కాంటాక్ట్ పేజీ అడుగుతారని. రీఫండ్ పాలసీ రాయమంటే సెంటరు వాళ్ల ముఖం ఎలా మారుతుందో మీరు చూసే ఉంటారు! యూట్యూబ్‌లో గేట్‌వే ప్లగిన్ (సైటుకి తగిలించే అదనపు ముక్క) ఎలా పెట్టాలో ఉంటుంది. ఆ పాలసీని వాళ్లచేత ఎలా రాయించాలో ఉండదు. అది మీకు తెలుసు. రెండు కథలూ కలిపి చెప్పకండి. ఇరవై నిమిషాల్లో ఒకటే పడుతుంది.

కోడింగ్ రాదన్న మాట వేదిక మీద దాచకండి, దానికి క్షమాపణలూ చెప్పకండి. ఒకసారి అని ముందుకెళ్లిపోండి.

ఇక భాష. మీ ఉత్తరంలో ‘ఏటి’ చూడగానే ప్రాణం లేచొచ్చింది. మైకు చేతికివ్వగానే దాన్ని ‘ఏమిటి’గా మార్చేసి, రెండో వాక్యం నుంచి ఇంగ్లిషులోకి జారిపోకండి. మాట్లాడే తెలుగుకి చదువులో చోటు కావాలని వందేళ్ల కిందట పోరాడిన గిడుగు రామమూర్తి మన శ్రీకాకుళం వైపు మనిషే. అలాగని డొమైన్, హోస్టింగ్, ప్లగిన్ మాటలకి అనువాదాలు వెతక్కండి. సైటు ఫైళ్లు ఉంచే చోటైన హోస్టింగ్‌ని ‘ఆతిథ్యం’ అన్నారంటే అందరూ భోజనాలు ఎప్పుడా అని గడియారం చూస్తారు.

ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకసారి పైకి చెప్పి చూడండి. మనసులో అనుకుంటే పన్నెండు నిమిషాలు వచ్చేది, పైకి చెబితే పాతిక అవుతుంది. మొదటిసారి మాట్లాడేవాళ్లంతా మోసపోయేది అక్కడే.

నెల్లిమర్ల నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: అదే సభలో నాకు లైవ్ డెమో ఇచ్చారు, ఖాళీ ల్యాప్‌టాప్ నుంచి సైటు దాకా. హాల్లో వైఫై ఉందన్నారు. ఏవైనా జాగ్రత్తలు ఉన్నాయా?

వైఫై ఉందంటే, పదిమంది ఉన్నప్పుడు ఉందని అర్థం తమ్ముడూ. నూటయాభై ఫోన్లు ఒకేసారి తగులుకుంటే ఏమవుతుందో నీకే తెలుసు. ల్యాప్‌టాప్‌లో ఎక్సాంప్‌గానీ, వర్డ్‌ప్రెస్ కోసమే ఉన్న ‘లోకల్’ అనే ఉచిత ప్రోగ్రాంగానీ ముందే పెట్టుకో. వర్డ్‌ప్రెస్ నడవడానికి కావలసిన పీహెచ్‌పీ, డేటాబేస్ అన్నీ నీ మిషన్లోనే నడుస్తాయి, నెట్ అక్కర్లేదు. వాడబోయే థీము (సైటు రూపాన్నిచ్చేది), ప్లగిన్లు కూడా జిప్ ఫైళ్లుగా దించి ఉంచు. బ్రౌజర్‌లోనే నడిచే వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ కూడా ముచ్చటగా ఉంటుంది గానీ, అది తెరుచుకోవడానికే నెట్ కావాలి. డెమో మొత్తాన్ని ముందురోజు రాత్రి స్క్రీన్ రికార్డింగ్ చేసి డెస్క్‌టాప్ మీద పడెయ్. కరెంటు పోయొస్తే దాన్ని నడిపిస్తూ మాట్లాడొచ్చు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. కాలేజీల్లో పాత ప్రొజెక్టర్లకి వీజీఏ తీగే ఉంటుంది, నీ కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ రంధ్రమే ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే ముక్క ఒకటి సంచిలో వేసుకో. ఆ ప్రొజెక్టర్లు చాలావరకు 1024×768 దగ్గరే ఆగిపోతాయి కాబట్టి నీ తెరని ఆ కొలతకి మార్చి ఇంట్లోనే చూసుకో. సగం బటన్లు కనబడకుండా పోతాయి.

ఇదంతా పుస్తక జ్ఞానం కాదు. కొన్నేళ్ల కిందట శ్రీకాకుళంలో ఒక చిన్న సభలో ‘అప్‌డేట్ చెయ్యడం ఎంత తేలికో చూడండి’ అంటూ అసలు సైటు మీదే బటన్ నొక్కాను. తెర తెల్లబడింది. ముందు వరసలోంచి ఒక పెద్దాయన, ‘ఇదేనా బాబూ తేలికంటే?’ అన్నారు. చెమటలు తుడుచుకుంటూ హోస్టింగ్ ఫైల్ మేనేజర్ తెరిచి, ‘డబ్ల్యూపీ-కంటెంట్’ ఫోల్డర్లో ఉన్న ‘ప్లగిన్స్’ ఫోల్డర్ పేరు మార్చాను. దాంతో ప్లగిన్లన్నీ ఆగిపోయి సైటు లేచి కూర్చుంది. అప్పటిదాకా ఊరికే కూర్చున్నవాళ్లు ఒక్కసారి పుస్తకాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. 2019లో 5.2 వచ్చాక ఇలాంటి తప్పు జరిగితే అడ్మిన్ ఈమెయిల్‌కి రికవరీ లింకు వస్తోంది, కానీ ఫోల్డర్ చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది. ధైర్యముంటే నీ డెమోలో కావాలనే ఒకసారి సైటు పడగొట్టి లేపు.

చీపురుపల్లి నుంచి: ఇంతకుముందు ఒక మీటింగులో పక్కనున్నాయన నలభై ప్రీమియం థీములు పెన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చాడు. వర్డ్‌ప్రెస్ ఎవరైనా పంచుకోవచ్చు, తప్పులేదన్నాడు. వాడొచ్చా?

ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది, అదే ప్రమాదం. వర్డ్‌ప్రెస్ జీపీఎల్ లైసెన్సుతో వస్తుంది. దాని కింద ఉన్న కోడ్‌ని తీసుకోవచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. చాలా థీముల కోడూ ఆ లైసెన్సు కిందే ఉంటుంది. పెద్ద చిక్కు చట్టంతో కాదు, ఆ పెన్‌డ్రైవ్ ఎన్ని చేతులు మారిందన్నదానితో. తాళం తీసేసిన ఇలాంటి థీముల్ని ‘నల్‌డ్’ అంటారు. తాళం తీసినవాడు ఊరికే తియ్యడు, చాలాసార్లు లోపల తన దొంగ కోడొకటి దాచి వెళ్తాడు. మీరు కంప్యూటర్లో చూస్తే సైటు శుభ్రంగానే ఉంటుంది. గూగుల్ నుంచి ఫోన్లో వచ్చినవాళ్లు మాత్రం ఏ జూదం సైటుకో వెళ్లిపడతారు. మీకు తెలిసేసరికి మీ కస్టమరుకి తెలిసిపోయి ఉంటుంది. పైగా అప్‌డేట్లు రావు. వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీలోనే వేల ఉచిత థీములున్నాయి. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి పాటలు వేసుకోండి.

ఆమదాలవలస నుంచి ఒక డీటీపీ ఆపరేటర్: ఇరవై ఏళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు చేస్తున్నాను. అను ఫాంట్లలో కొట్టిన తెలుగుని సైట్లో పేస్టు చేస్తే గజిబిజి గుర్తులు వస్తున్నాయి. ఫోన్లో కొట్టిన తెలుగు బాగానే వస్తోంది గానీ వత్తులు కింద తెగిపోతున్నాయి. దీని మీద సభలో ఎవరైనా మాట్లాడతారా?

ఎవరో ఎందుకు, మీరే మాట్లాడాలి. ఉత్తరాంధ్రలో ఈ బాధ పడని ప్రెస్సు ఉందా?

అను ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు ఉండే గదుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. ఫాంటు తొడిగితే తెలుగు, తీస్తే గజిబిజి. కాగితం మీద అచ్చేసినంతకాలం ఇబ్బంది లేదు. వెబ్‌కి కావలసింది యూనికోడ్. అందులో తెలుగుకి 128 గదులు కేటాయించారు, ‘క’ ఏ ఫోన్లోనైనా ‘క’గానే ఉంటుంది, గూగుల్ కూడా వెతికి పట్టుకోగలదు. పాత ఫైళ్లని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రూఫు చూడాల్సిందే, ముఖ్యంగా వత్తులు, అంకెలు, బ్రాకెట్లు. సైట్లో పేస్టు చేసి సేవ్ చేశాక వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయంటే తప్పు ఫాంటుది కాదు, డేటాబేస్‌ది. అది అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4లో ఉందో లేదో హోస్టింగ్ వాళ్లని అడగండి. అలా ప్రశ్నార్థకాలుగా మారిపోయిన మాటలు మాత్రం మళ్లీ వెనక్కి రావు, అసలు ఫైలు దాచుకోండి.

వత్తులు తెగడం వేరే జబ్బు. థీములు ఇంగ్లిషుని ఊహించుకుని చేస్తారు. వాళ్లకి అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతుందని తెలియదు. వరసకీ వరసకీ మధ్య ఎడాన్ని నిర్ణయించే ‘లైన్-హైట్’ శీర్షికలకి 1.2 దగ్గర పెట్టేస్తారు. ‘స్వాతంత్ర్యం’ అని శీర్షిక పెట్టి చూడండి, కింది భాగం గోవిందా. 1.7, 1.8కి పెంచండి. అక్షరాల మధ్య ఎడం పెంచే ‘లెటర్-స్పేసింగ్’ సున్నాగా ఉంచండి, లేదంటే గుణింతాలు విడిపోవచ్చు. మామూలు పాఠానికి నోటో శాన్స్ తెలుగు గానీ మండలి గానీ బాగుంటాయి. గూగుల్ ఫాంట్లలో అవి ఉచితం. శీర్షికలకి అక్కడే గురజాడ, గిడుగు అనే ఫాంట్లు కూడా ఉన్నాయి. మన జిల్లాల సైట్లలోనే వాటిని ఎవరూ వాడరు, నాకు తెగ ఒళ్లు మండుతుంది.

తెగిన వత్తుల స్క్రీన్‌షాట్ ఒకటి, సరిచేశాక ఒకటి పట్టుకెళ్లండి. ఎడాల సంగతి మీకంటే తెలిసినవాళ్లు ఆ హాల్లో ఉండరు.

ఎస్.కోట నుంచి: స్లైడ్లు ఏఐతో చేయించొచ్చా?

చేయించండి. చదివి వినిపించకండి.

పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి: నాకు సైట్లు చెయ్యడం రాదు, చేయించుకున్నాను. ఈ సభకి వస్తే నాకేమైనా ఉపయోగమా, లేక కుర్రాళ్ల గోలేనా?

గోల ఉంటుంది. అయినా రండి, కానీ ఇంట్లో ఒక పని చేసుకుని రండి. మీ డొమైన్, అంటే సైటు పేరు, ఎవరి ఖాతాలో ఉందో కనుక్కోండి. సైటు చేసిన కుర్రాడు నమ్మకస్తుడే కావచ్చు, తన ఖాతాలోనే, తన ఈమెయిల్‌తోనే కొని ఉంటాడు, ఎక్కువసార్లు సౌకర్యం కోసమే. రేపు అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే రెన్యువల్ నోటీసు అతని పాత మెయిల్‌లో మగ్గుతుంది. డాట్‌కామ్ గడువు దాటి, రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ఇచ్చే వాయిదా కూడా అయిపోతే 30 రోజుల ‘రిడెంప్షన్’ గడువు మొదలవుతుంది. అప్పుడు విడిపించుకోవాలంటే మామూలు రుసుముకి అనేక రెట్లు అడుగుతారు. అదీ దాటితే మీ కొట్టు పేరు ఇంకెవడైనా కొనుక్కోవచ్చు.

డొమైన్ ఎవరిదో చూపించే హూఈజ్‌లో వెతికితే చాలనుకోకండి, ఈమధ్య అక్కడ పేర్లు చాలావరకు కనబడవు. అదే రిజిస్ట్రార్ దగ్గర మీ ఈమెయిల్‌తో ఒక ఖాతా తెరిచి, డొమైన్‌ని అందులోకి మార్చమని ఆ కుర్రాడినే అడగండి. ఒకే కంపెనీలో ఖాతా నుంచి ఖాతాకి మార్చడం తేలికైన పని. వేరే కంపెనీకి మార్చాలంటే ఆథ్ కోడ్ అనే రహస్య కోడు కావాలి, అది కూడా అతనే తీసివ్వాలి. కసరకుండా అడగండి. సభలో అతనే మాట్లాడుతూ ఉండొచ్చు.