డెకరేటర్ క్లాసుల్లో అదే కోడ్ పదేపదే... టెంప్లేట్స్ నేర్చుకోవాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఫైనలియర్ చదువుతున్నాను. సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులో డేటా స్ట్రీమ్‌కు కంప్రెషన్, ఎన్‌క్రిప్షన్, లాగింగ్ కోసం మూడు డెకరేటర్ క్లాసులు (అసలు ఆబ్జెక్టును చుట్టి, దానికి అదనపు పని జోడించేవి) రాశాను. ఇంటర్‌ఫేస్‌లో 10 ఫంక్షన్లున్నాయి. నేను మార్చేది ‘రైట్’ (write) ఒక్కటే, అయినా మిగతా 9 ప్రతి క్లాసులోనూ రాయాల్సి వస్తోంది. టెంప్లేట్స్ (టైపునే పారామీటర్‌గా తీసుకునే కోడ్) వాడమని సీనియర్ అంటున్నాడు. ఉద్యోగానికి అవి తప్పనిసరా?

జవాబు: ముందు టెంప్లేట్స్ లేకుండానే సగం తలనొప్పి తగ్గించుకోండి. పిలుపులన్నీ లోపలి ఆబ్జెక్టుకు పంపే బేస్ డెకరేటర్ ఒకటి రాసి, మూడు క్లాసులనూ దాని నుంచి ఇన్‌హెరిట్ చేయండి. 27 చోట్ల ఉన్న కోడ్ ఒక్క చోటికి వస్తుంది. చాలా ప్రాజెక్టులకు ఇంతే చాలు.

మీ సీనియర్ చెప్పింది బహుశా మిక్సిన్ పద్ధతి. అందులో క్లాసు తన బేస్ క్లాసునే టెంప్లేట్ పారామీటర్‌గా తీసుకుంటుంది. ఫంక్షన్లన్నీ ఇన్‌హెరిటెన్స్‌తోనే వచ్చేస్తాయి కాబట్టి ఫార్వర్డింగ్ (పిలుపును లోపలి ఆబ్జెక్టుకు పంపే కోడ్) రాసే పనే ఉండదు. ‘రైట్’ మాత్రం తిరగరాసి, అందులోంచి బేస్ పేరు పెట్టి పాత ‘రైట్’ను పిలవాలి. ఆ పేరు పెట్టడం మరిచిపోతే ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ పోతుంది, ప్రోగ్రామ్ స్టాక్ నిండి ఆగిపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

అయితే ఇది ఉచితంగా రాదు. ఏ పొర మీద ఏ పొర అన్నది కంపైల్ సమయంలోనే ఖాయమైపోతుంది. యూజర్ సెట్టింగ్స్‌లో ఏ పొరనైనా ఆఫ్ చేసుకునే వీలుండాలంటే, వరుస మార్చకపోయినా మూడు పొరలకు 8 కలయికలు ముందే సిద్ధం చేసుకోవాలి. అలాంటి చోట పాత డెకరేటరే నయం. వరుస ఎప్పటికీ మారదంటే మాత్రం మిక్సిన్ బాగా నప్పుతుంది. ఉదాహరణకు, ఎన్‌క్రిప్ట్ అయిన డేటా దాదాపుగా కుదించుకుపోదు. అందుకే కంప్రెషన్ ముందు జరగాలి, ఆ వరుస టైపులోనే ఉంటే ఎవరూ పొరపాటున తారుమారు చేయరు.

ఇక ఉద్యోగం సంగతి. గేమ్ ఇంజిన్లు, ట్రేడింగ్ సిస్టమ్స్ లాంటి సీ ప్లస్ ప్లస్ ఉద్యోగాలైతే టెంప్లేట్స్ రావాల్సిందే. ఇంటర్వ్యూలో సింటాక్స్ కంటే, ‘ఇక్కడ ఇది ఎందుకు వాడావు?’ అన్న ప్రశ్నే గట్టిగా వస్తుంది. మీ ప్రాజెక్టునే రెండు పద్ధతుల్లోనూ రాసి పెట్టుకోండి. దాని గురించే పది నిమిషాలు ధైర్యంగా మాట్లాడగలరు.

జావా వైపు వెళ్లాలనుకుంటే మాత్రం మిక్సిన్ మీద టైమ్ పెట్టకండి. అక్కడ జెనరిక్ పారామీటర్ (టెంప్లేట్ పారామీటర్ లాంటిది) నుంచి ఇన్‌హెరిట్ చేయడం కుదరదు. బేస్ డెకరేటర్ బాగా నేర్చుకోండి, ఇంటర్‌ఫేస్ మరీ పెద్దదైతే డైనమిక్ ప్రాక్సీ (పిలుపులన్నిటినీ ఒకే చోట అందుకునే క్లాసును ప్రోగ్రామ్ నడుస్తుండగానే తయారుచేసే జావా సౌకర్యం) చూడండి.