ఉద్యోగం నాది, వదులుకునేది ఆయన

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. విదేశంలోని ఓ కంపెనీ నుంచి మంచి ఆఫర్ వచ్చింది, రెండు నెలల్లో చేరాలి. మావారు కాలేజీలో లెక్చరర్. ఆఫర్ వచ్చిన రోజు నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డారు. ఇప్పుడేమో సర్టిఫికెట్లు తీయమంటే రేపు అంటారు, రాజీనామా మాటెత్తితే విసుక్కుంటారు. వీసా కాగితాలు, పాప స్కూలు, ఇల్లు ఖాళీ చేయడం అన్నీ నేనే చూసుకుంటున్నాను. బంధువులెవరైనా 'అక్కడ అతనేం చేస్తాడు?' అంటే లేచి గదిలోకి వెళ్లిపోతారు. మొన్న కోపం పట్టలేక 'ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది' అనేశాను. అప్పట్నుంచీ ముభావంగా ఉంటున్నారు. ఆఫర్ వదిలేయనా? నేనొక్కదాన్నే ముందు వెళ్లనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి

జవాబు: ఆఫర్ వదిలేసే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆయనకు ఇష్టం లేదని మీరు తేల్చేసుకున్నారు కానీ, మీరు రాసినదాంట్లో నాకు కనిపించింది అయిష్టం కాదు, భయం. సంబరపడింది మీ ఉద్యోగం గురించి. అది నిజమైన సంబరమే. తన సంగతేమిటన్న ప్రశ్న ఆయనకు తర్వాత ఎదురైంది. మీ చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, చేరాల్సిన తేదీ ఉంది, జీతమెంతో తెలుసు. ఆయన చేతిలో ఉన్నదల్లా రాయాల్సిన రాజీనామా పత్రం. ఒకే ప్రయాణానికి ఇద్దరూ సిద్ధమవుతున్నారని మీరనుకుంటున్నారు. నిజానికి మీరు ఉద్యోగంలో చేరబోతున్నారు, ఆయన ఉద్యోగం మానబోతున్నారు.

ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు, వాటికి సర్దుకోవడం ఎంత కష్టమన్నదాన్ని బట్టి మార్కులు వేసి 1967లో ఒక పట్టిక ప్రచురించారు. జీవిత భాగస్వామి మరణానికి 100. ఇల్లు మారడానికి 20. భార్య ఉద్యోగంలో చేరడానికీ, మానడానికీ 26. ఆ రోజుల్లో భర్త మానడం గురించి వాళ్లకు తట్టినట్టు లేదు! ఆ మార్కులు ఎవరికైనా అచ్చంగా అలాగే వర్తిస్తాయని కాదు. కానీ పెట్టెలు సర్దడం కంటే ఇంట్లో ఒకరి సంపాదన ఆగిపోవడమే పెద్ద కుదుపు అని అప్పుడే గుర్తించారు. మీ రెండు నెలల ప్రణాళికలో దానికి ఎంత చోటిచ్చారో ఒకసారి చూసుకోండి.

ముందుగా, మొన్న అన్న మాటకు సారీ చెప్పండి. దాని వెంటనే 'కానీ మీరు కూడా...' అని మొదలుపెట్టకండి. తర్వాత పాప నిద్రపోయాక, లిస్టులూ ల్యాప్‌టాప్ పక్కన పెట్టి కూర్చోండి. 'మీకు ఇష్టమేనా?' అని అడగొద్దు. దానికి ఆయన 'ఊఁ' అంటారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. 'ఇక్కడ వదిలి వెళ్లాల్సినవాటిలో మీకు దేనికి ఎక్కువ బాధగా ఉంది?' అని అడగండి. 'అక్కడ మీరు ఇంట్లో ఉండాల్సి వస్తే ఎన్నాళ్లు ఉండగలరు?' అనీ అడగండి. జవాబు రాగానే పరిష్కారాలు చెప్పేయకండి. పొరపాట్లు పట్టడం మీ వృత్తి కాబట్టి ఇది కాస్త కష్టమే. ఆ ఒక్క రాత్రికి విని ఊరుకోండి.

ఇక 'అక్కడ అతనేం చేస్తాడు' అన్న ప్రశ్నకు సగం జవాబు వీసా నిబంధనల్లోనే ఉంటుంది. అది మీ ఇద్దరికీ ఇంకా తెలియదనిపిస్తోంది. ఉద్యోగి కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు. జర్మనీలో ఈయూ బ్లూ కార్డ్ (ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) మీద పనిచేసేవారి జీవిత భాగస్వామి ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవారి భాగస్వామి హెచ్-4 వీసాతో నేరుగా పని చేయలేరు, ప్రత్యేక అనుమతి పొందాలి. 2015లో మొదలైన ఆ అనుమతి కూడా ప్రధానంగా గ్రీన్ కార్డ్ ప్రక్రియలో కొంత దూరం వెళ్లినవారి భాగస్వాములకే. మీరు వెళ్లే దేశంలో రూలేమిటో ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్లో ఇద్దరూ కలిసి చదవండి. మీరు చదివి ఆయనకు చెప్పడం కాదు, కలిసి చదవాలి. మీ కంపెనీ హెచ్‌ఆర్‌నూ అడగండి. భాగస్వామి ఉద్యోగ వేటకు, భాషా తరగతులకు సాయం చేసే కంపెనీలున్నాయి, అడిగితేనే చెబుతాయి.

ఆయన వృత్తిలో ఇంకో చిక్కుంది. చాలా దేశాల్లో స్కూల్లో పాఠం చెప్పాలంటే అక్కడి లైసెన్స్ కావాలి. కాలేజీల్లోనూ మన డిగ్రీలు అక్కడి డిగ్రీలకు సమానమని చూపమంటారు. దానికి మార్కుల జాబితాలు, ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి తెప్పించుకోవాలి, అవి వారాల తరబడి ఆలస్యం కావచ్చు. ఇప్పటిదాకా ఆయన సర్టిఫికెట్లు మీ వీసా ఫైలులో ఒక కాగితం మాత్రమే. తన ఉద్యోగానికే వాటి అవసరమని తెలిస్తే, 'రేపు' అనే మాట తగ్గుతుందని నా నమ్మకం.

రాజీనామా కోసం తొందరపెట్టకండి. వీసాలు చేతికి రాకముందు ఆయన రాజీనామా చేయాల్సిన పనిలేదు. జీతం లేని దీర్ఘకాల సెలవు దొరుకుతుందేమో కాలేజీలో అడగమనండి. తిరిగి రావడానికి ఒక దారుందని తెలిస్తే మనిషి ధైర్యంగా బయల్దేరతాడు.

మీరొక్కరే ముందు వెళ్లడం తప్పేమీ కాదు. నేనైతే మీ పరిస్థితిలో దానివైపే మొగ్గుతాను. పాప విద్యా సంవత్సరం పూర్తవుతుంది, మీరు ఇల్లూ స్కూలూ చూసి పెట్టొచ్చు, ఆయన తన కాగితాలు పూర్తి చేసుకోవచ్చు. కాకపోతే 'తర్వాత వస్తాం' అంటే చాలదు. నెల, తేదీ అనుకుని టికెట్లు కూడా తీసుకోండి. కోపంలో ఉండగా మాత్రం ఈ నిర్ణయం తీసుకోవద్దు. అలిగి విడివిడిగా వెళ్లినట్టు అవుతుంది.

కాగితాల పని మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు మాటలు చాలు. పెళ్లి, పుట్టుక సర్టిఫికెట్లకు ఏ ధ్రువీకరణ కావాలో ముందే కనుక్కోండి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం అపొస్టీల్ ముద్ర (పత్రం అసలైనదేనని మన ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చాలా దేశాల్లో చెల్లుతుంది, కొన్నింటికి ఎంబసీ ముద్రే కావాలి. మందులు తీసుకెళ్తే డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి. దగ్గు మందుల్లో ఉండే కోడీన్ లాంటివాటికి కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి.

వెళ్లాక ఎప్పుడు కూర్చుని సమీక్షించుకోవాలన్నదీ ఇప్పుడే అనుకోండి. అమెరికా వెళ్లొచ్చిన నార్వేవాళ్ల మీద లీస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లో రాసినదాన్ని బట్టి చూస్తే, ఆరు నెలల లోపు ఉన్నవాళ్లూ ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లూ బాగానే సర్దుకున్నారు. మధ్యలో ఉన్నవాళ్లే ఇబ్బంది పడ్డారు. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దీన్ని సమర్థించలేదు. అయినా ఆరో నెలలో 'ఇక వెనక్కి పోదాం' అనిపిస్తే అదే ఆఖరి మాట అనుకోవద్దు. నెలనెలా మాట్లాడుకోండి, ఉండాలా వద్దా అన్నది ఏడాదిన్నరకు తేల్చుకోండి. ఆయన పూర్తిగా కుంగిపోతుంటే మాత్రం తేదీ కోసం చూడొద్దు.

బంధువులు ఇంకోసారి అడిగితే, ఆయన లేవకముందే మీరు జవాబివ్వండి. 'కొన్నాళ్లు పాపను చూసుకుంటారు, తర్వాత తన ఉద్యోగం వెతుక్కుంటారు' అంటే చాలు. అయితే ఆ మాట ముందు మీ ఇద్దరి మధ్య కుదిరి ఉండాలి. నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌ను కలవండి.

అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఇద్దరి పేరునా తెరవండి, ఆయన పేరున కార్డు తీసుకోండి. ప్రతి చిన్న ఖర్చుకూ ఆయన మిమ్మల్ని డబ్బడగాల్సిన పరిస్థితి మొదటి నెలలోనే రాకుండా చూడండి.