సంధ్యకు, పాల సంఘం పెట్టే ముందు

చి. సంధ్యకు మేనత్త ఆశీస్సులు.

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊరికి వస్తున్నావని, పాల సంఘం పెడతానంటున్నావని మీ తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. ఆ పూటే పక్కింటామెకు, కిరాణా కొట్టు ఆయనకు, చివరికి బస్సులో పక్క సీటులో కూర్చున్న ఎవరో ఆమెకు కూడా చెప్పుకున్నాను, మా కోడలు కంపెనీ పెడుతోందని. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది. "నాన్న ఏమన్నాడురా" అని అడిగితే, "ఏమీ అనలేదత్తా, చెప్పులేసుకుని పొలం వైపు పోయాడు" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే మధ్యలో "తెలుసత్తా, తెలుసత్తా" అని అడ్డం వస్తావు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ పని ఆడిటర్ చూసుకుంటాడు, దాని గురించి భయపడకు. రైతులే వాటాదారులుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీ అయినా, 1995 చట్టం కింద మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార) సంఘం అయినా నడిపే మనుషులను బట్టే నడుస్తుంది. నన్నడిగితే 1995 చట్టమే బాగు. పాత 1964 చట్టం కింద సర్కారుకు నచ్చకపోతే పాలకవర్గాన్ని పక్కనపెట్టి అధికారిని కూర్చోబెట్టేవాళ్లు. మా పొదుపు సంఘాన్ని మేం కొత్త చట్టం కిందే పెట్టుకున్నాం. గ్రాంటు గురించి మీ తమ్ముడు చాలా హుషారుగా చెప్పాడు. 2020లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకంలో ఒక్కో రైతు వాటాకు సమానంగా రెండు వేల దాకా, సంఘం మొత్తానికి 15 లక్షలు మించకుండా ఇస్తామన్నారు. ఇస్తే తీసుకో, కాదనను. కానీ గ్రాంటు కోసం పేర్లు రాయించకు. తన డబ్బు పెట్టని మనిషి సంఘం మూతపడినా వచ్చి అడగదు.

సభ్యత్వం పాలు పిండే మనిషి పేరు మీద ఉండాలి. బిల్లు ఆమె ఖాతాలోనే పడాలి. తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి, దాణా కలిపి, పాలు పిండేది ఆమె, పైసలు అందుకునేది ఆయన. మన ఊళ్లలో ఇదే తంతు. ముల్కనూరు మహిళా డెయిరీని చూడు, 2000లో రిజిస్టర్ అయింది, సభ్యులు ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లే. వాళ్ల 'స్వకృషి' పాల ప్యాకెట్ మీ హాస్టల్ ఫ్రిజ్‌లో కూడా ఉండేదేమో, నువ్వు పట్టించుకుని ఉండవు.

పాలు పోయించుకునే కేంద్రం ఎక్కడ పెడతావో కూడా ఇప్పుడే తేల్చుకో. పెద్దింటివాళ్ల వాకిలి ఊరికే ఇస్తామంటారు, కరెంటు కూడా ఇస్తామంటారు. తీసుకోకు. ఆ గడప ముందు నిలబడడానికి వాడల నుంచి వచ్చే ఆడవాళ్లు జంకుతారు, వచ్చినా పక్కకు జరిగి నిలబడతారు. అందరి పాలూ ఒకే క్యాన్‌లో పడాలి, అందరూ ఒకే వరుసలో నిలబడాలి. బడి పక్కన పంచాయతీ గది ఒకటి ఖాళీగా ఉందని విన్నాను, దానికి కిరాయి కట్టు. ఊరికే వాడుకోవద్దు. సర్పంచ్ ఎలక్షన్ వస్తే ఆ గది సంగతి గుర్తు చేస్తారు.

ఇక పాలలో వెన్న శాతం చూసే మిషన్. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నమ్మకం పోయేది ఇక్కడే. కిలో ఫ్యాట్‌కు, అంటే పాలలోని వెన్నకు, 700 రూపాయల రేటు అనుకో. లీటరు పాలు కిలో కంటే కొంచెం ఎక్కువే తూగుతాయి కాబట్టి, ఆరు శాతం వెన్న ఉన్న బర్రె పాలకు లీటరుకు 43 రూపాయల పైచిలుకు వస్తుంది. మిషన్ 0.2 తక్కువ చూపిందంటే లీటరుకు దాదాపు రూపాయిన్నర పోయినట్టే. రోజుకు ఎనిమిది లీటర్లు పోసే ఇంటికి నెలకు మూడు వందలు దాటుతుంది. ఆమెకు లెక్క రాకపోవచ్చు, కానీ బిల్లు తగ్గిందని వెంటనే తెలుస్తుంది. శాంపిల్ తీసే ముందు పాలు బాగా కలపాలి. కలపకపోతే మీగడ పైన తేలి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వస్తుంది. వారానికోసారి మిషన్ లెక్కను గెర్బర్ పరీక్షతో, అంటే యాసిడ్ పోసి వెన్న కొలిచే పద్ధతితో, సరిచూడు. అది అందరి ముందే చెయ్యి, తలుపేసుకుని చేస్తే చేసినా చేయనట్టే. సాయంత్రం పాలు వెంటనే నాలుగు డిగ్రీలకు చల్లబరచకపోతే పొద్దున ట్యాంకర్ దగ్గర పులిశాయంటారు. కూలర్‌కు జనరేటర్ ఉండాల్సిందే.

రేటు విషయంలో ఏడాది మొత్తానికి మాట ఇవ్వకు. మన దగ్గర బర్రెలు ఎక్కువగా వానాకాలం, చలికాలంలో ఈనుతాయి, అప్పుడు పాలు పొంగుతాయి. ఎండాకాలం వచ్చేసరికి సగం ఒట్టిపోతాయి. ప్రైవేటు డెయిరీ వాళ్లు చలికాలంలో రేటు తగ్గిస్తారు, ఒక్కోసారి మిల్క్ హాలిడే అని ఆ రోజు పాలే తీసుకోరు. ఎండాకాలంలో వాళ్లే రెండు రూపాయలు ఎక్కువిచ్చి నీ సభ్యులను లాక్కుంటారు. చలికాలం మిగులులో కొంత పక్కన పెట్టి ఎండాకాలం రేటుకు కలుపు. దసరాకు బోనస్ పంచి చప్పట్లు కొట్టించుకోవాలని నీకు అనిపిస్తుంది. మొదటి ఏడాది వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఇంట్లో బియ్యం పోసుకునే ఆ అల్యూమినియం క్యాన్లు ఎక్కడివని ఎప్పుడైనా అడిగావా? అవి పాల క్యాన్లు. మీ నాన్న ఊళ్లో పాల సంఘం సెక్రటరీగా చేసినప్పటివి. నీకు చెప్పి ఉండడు, మీ అమ్మనూ చెప్పనిచ్చి ఉండడు. వాడికి కోపం వచ్చినా సరే, నేను చెప్తున్నాను.

2002లో వానలు ముఖం చాటేశాయి. నువ్వప్పుడు పలక పట్టుకుని బడికి పోయేదానివి. చెరువు ఎండింది, వరిగడ్డి దొరకలేదు, కాలువ కింది ఊళ్ల నుంచి లారీల్లో తెచ్చినవాళ్లు చెప్పిందే రేటు. ఆడవాళ్లు మీ వాకిట్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. "సెక్రటరీ సాబ్, బర్రెకు గడ్డి లేదు, పాల బిల్లులో పట్టుకో, ఇప్పుడు ఎంతో కొంత ఇయ్యి" అని. మీ నాన్న ఇచ్చాడు. ఒకరికి గడ్డికి, ఒకరికి దాణాకు, ఒకరికి ఆస్పత్రికి. సంఘం పైసలే ఇచ్చాడు, పాల మీద బాకీగా. కాగితం రాయలేదు. మనోళ్లే కదా, రాస్తే చిన్నబుచ్చుకుంటారు అన్నాడు. నాతోనే అన్నాడు ఆ మాట. మా సంఘంలో అయితే తోడబుట్టినదానికి ఇచ్చినా సంతకం ఉండాల్సిందే అని గొడవపడ్డాను. నవ్వేసి టీ తాగించి పంపాడు.

ఎండలు ముదిరేసరికి బర్రెలు ఒక్కొక్కటిగా అంగడికి పోయాయి. బర్రె లేకపోతే పాలెక్కడివి, పాలు లేకపోతే బాకీ ఎందులో పట్టుకుంటాడు? అదే సమయానికి పాలు కొనే డెయిరీ బిల్లులు ఆపింది. ఇంకా పాలు పోస్తున్నవాళ్లకు బిల్లు ఇచ్చే రోజు వచ్చింది, సంఘం ఖాతాలో ఏమీ లేదు.

ఆ రోజు అందరినీ పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్తే సరిపోయేది. ఇంత ఇచ్చాను, ఇంత రావాలి, డెయిరీ ఇంత ఆపింది, ఈ బిల్లు ఆలస్యమవుతుంది అని. తిట్టేవాళ్లు. నలుగురు మానేసేవాళ్లు. అంతకంటే ఏమయ్యేది? వాడు చెప్పలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బిల్లులన్నీ కట్టేశాడు. డెయిరీ పైసలివ్వకపోయినా మన సెక్రటరీ ఆపలేదని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు కోసమే వచ్చే పదిహేను రోజులకూ అప్పు తెచ్చాడు, ఆ తర్వాత కూడా. చివరికి బావి కింది ఎకరం ఇరవై గుంటలు అమ్మేశాడు. మీ అమ్మకు రిజిస్ట్రేషన్ రోజు పొద్దున తెలిసింది.

భూమి అమ్మాక కొత్త ప్రశ్న పుట్టింది. డెయిరీ బిల్లులు ఆపితే ఇన్నాళ్లూ సెక్రటరీకి పైసలు ఎక్కడివి? ముందు నుంచి ఏదో మిగిల్చుకుని ఉండాలి కదా? పంచాయతీ ముందు కూర్చోబెట్టి లెక్క అడిగారు. చూపించడానికి వాడి దగ్గర ఒక్క రసీదు లేదు. ఎవరికెంత ఇచ్చాడో నోటితో చెప్తే, తీసుకున్నవాళ్లలో ఇద్దరో ముగ్గురో ఒప్పుకున్నారు, మిగతావాళ్లు తల దించుకున్నారు. దొంగ అన్నారు బిడ్డా. నా తమ్ముడిని, వాళ్ల కోసం భూమి అమ్ముకున్నవాడిని. ఆ మాట అన్న మనిషి పేరు నాకు తెలుసు, రాయను. ఆమె ఇంకా బర్రెలు పెంచుతోంది, రేపు నీ దగ్గరే పాలు పోస్తుంది.

ఊళ్లో ఇప్పుడు అందరూ, పాపం మంచోడు, మోసపోయాడు అంటారు. నేను ఒప్పుకోను. వాడికి ఇచ్చేవాడిగా ఉండడం ఇష్టం. చేయి చాపినవాళ్లకు లేదనడం చేతకాదు, లేదనే మనిషిగా కనిపించడం అంతకన్నా చేతకాదు. దయ లేదనను. కానీ ఆ పైసలు వాడివి కావు. నష్టం వచ్చినప్పుడు అది వాడిదొక్కడిదీ కాదు. సభ్యుల నష్టాన్ని సభ్యులకే తెలియకుండా మోసే హక్కు వాడికెవరిచ్చారు? ముందే తెలిసి ఉంటే వాళ్లే ఏదో దారి చూసేవాళ్లు, వేరే డెయిరీని వెతికేవాళ్లు, బాకీలు తీసుకున్నవాళ్లను నిలదీసేవాళ్లు. వాళ్లను చిన్నపిల్లల్లా చూశాడు, వాళ్లు దొంగను చూసినట్టు చూశారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు అచ్చం వాడే. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు రూమ్‌మేట్ ఫీజు నువ్వు కట్టి, ఇంట్లో మెస్ బిల్లు పెరిగిందని చెప్పావు. అప్పుడు నేను తిట్టలేదు, ముద్దొచ్చావు కూడా. ఇప్పుడు నీ పొదుపు మొత్తం సంఘంలో పెడతానంటున్నావట. పెట్టు, కానీ తీర్మానం రాయించి, అప్పుగా పెట్టు, ఎప్పుడు తీరుస్తారో అందులో రాయించు. ఒక్క నెల బిల్లులకు తక్కువ పడిందని నీ ఫోన్ నుంచి నువ్వే వేసేయకు. డెయిరీ బిల్లు ఆగితే ఆ సాయంత్రమే కేంద్రం దగ్గర చెప్పు. బోర్డు మీద సుద్దముక్కతో రాయి: ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత ఆగింది. పదిహేను రోజులకోసారి పైకి చదివి వినిపించు, ఎందుకంటే సగం మందికి చదువు రాదు. పాల పైసల నుంచి అప్పులు వద్దే వద్దు. బర్రె కొనడానికి, గడ్డికి పొదుపు సంఘం వేరుగా ఉంది, అక్కడికి పంపు. అది లేని ఊళ్లో ముందు పొదుపు మొదలుపెట్టించు.

ఇంకొకటి. నీకు ఎదురు మాట్లాడే మనిషిని లెక్కలు చూసే కమిటీలో పెట్టు. మా సంఘంలో ఒకావిడ ఉండేది, ప్రతి మీటింగులో నన్ను నిలబెట్టి అడిగేది, చాయ్‌పత్తా ఖర్చు దగ్గర కూడా. ఇంటికొచ్చి ఆమెను తిట్టుకునేదాన్ని. కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజర్ మా పుస్తకాలు తిరగేసి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అప్పు మంజూరు చేసినప్పుడు, ఆమె వల్లే కదా అనుకున్నాను. ఆమెకు చెప్పలేదులే. చెప్తే ఇంకా ఎగిరేది.

నువ్వు పంపిన వీడియో చూశాను. కోటు వేసుకున్నాయన "రిస్క్ తీసుకోండి, పెద్ద కలలు కనండి" అని స్టేజీ మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయనకు చలికాలంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్కూటీ మీద కేంద్రానికి పోయే పని లేదనుకుంటా. పొగమంచులో బండి నడపకు, ముందే చెప్తున్నా. ఇక నీ ప్లానులో ఐదేళ్లలో వంద ఊళ్లు అని ఉందట. ముల్కనూరులోనే, ఆ మహిళా డెయిరీ కంటే ఎంతో ముందు, సహకార సంఘం 1956లో పుట్టింది. అన్నేళ్ల నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్లనే పట్టుకుని ఉంది. ముందు మన ఊరు, మా ఊరు, మధ్యలో రెండు ఊళ్లు చూసుకో. వందో ఊరి బర్రె ఈనిన సంగతి నీకు ఎవరు చెప్తారు?

ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మీ నాన్నను లెక్కల దగ్గరికి లాగకు, సలహా కూడా అడగకు. బర్రెల దగ్గరికి పిలువు. ఏ ఇంట్లో ఏ బర్రె చూడితో ఉంది, ఏది ఎప్పుడు ఒట్టిపోతుంది, ఏది పొదుగు వాపు వచ్చి పాలు విరిగేది, ఇవన్నీ వాడికి ఇప్పటికీ తెలుసు. పొలం పోతూ పోతూ ప్రతి కొట్టంలోకీ తొంగిచూస్తాడు, ఎవరితో మాట్లాడడు, చూసి పోతాడు. చలికాలంలో ఎన్ని లీటర్లు వస్తాయో నీ ల్యాప్‌టాప్ కంటే వాడు సరిగ్గా చెప్తాడు. మొదట్లో రానంటాడు. రెండోసారి అడుగు.

పెళ్లి మాట ఈ ఉత్తరంలో ఎత్తనని మీ అమ్మకు మాటిచ్చాను, ఎత్తడం లేదు.

మా ఊరు నీ రూట్‌లో పెట్టావంటే నేనూ సభ్యురాలిని అవుతాను. నాకు ఒక బర్రె ఉంది, రెండో ఈత. సంఘం రిజిస్టరై, దాని పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచాక కబురు పెట్టు, వాటా ధనం కడతాను. అంతకుముందు ఎవరి దగ్గరా తీసుకోకు, నా దగ్గర కూడా. రసీదు పుస్తకం అచ్చు వేయించేటప్పుడు నంబర్లు ప్రెస్‌లోనే వేయించు, చేత్తో రాయొద్దు.

ఇట్లు
మీ అత్త