సాంగ్రియా జగ్గు, నాన్నగారి షుగర్ మాత్ర

ప్రశ్న: మే నెలలో మా మేడ మీద బంధువులకు విందు ఇస్తున్నాం. రెండు సీసాల రెడ్ వైన్, 60 మిల్లీలీటర్ల బ్రాందీ, అర లీటరు నారింజ రసం, అర లీటరు సోడా, అర కప్పు చక్కెర కలిపి, అందులో ఆపిల్, నారింజ ముక్కలు నానబెట్టి సాంగ్రియా చేద్దామనుకుంటున్నాను. పండ్లు ఉంటాయి కాబట్టి ఒంటికి చలవేనని మావారు అంటున్నారు. మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి మరో మాత్ర వేసుకుంటారు. ఆయన ఒక గ్లాసు తాగవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చల్లగా ఉండటం వేరు, చలవ చేయడం వేరు. నీటిని వదలకుండా పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది. ఎండకు చెమటగా పోయేది పోగా, మూత్రంలోనూ నీరు పోతుంది. జగ్గులో ఎన్ని నారింజ చక్రాలు తేలినా ఈ తీరు మారదు.

మీ కొలతలు చూసి లెక్క వేశాను. వైన్‌లో 12 శాతం ఆల్కహాల్ ఉందనుకుంటే, బ్రాందీతో కలిపి జగ్గు మొత్తంలో సుమారు 160 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. రెండున్నర లీటర్ల పానీయాన్ని పది పెద్ద గ్లాసుల్లో పోస్తే ఒక్కోదానిలో 16 గ్రాములు. 150 మిల్లీలీటర్ల మామూలు వైన్ గ్లాసులో ఉండేది 14 గ్రాములే! అంటే షర్బత్‌లా గొంతు దిగిపోయే మీ పానీయం వైన్ కంటే తేలికేమీ కాదు. పైగా గ్లాసుకు మూడు చెంచాల చక్కెర. తియ్యగా ఉంటే రెండో గ్లాసుకు ఎవరూ వెనకాడరు.

ఇక నాన్నగారి సంగతి. తాగవద్దనే నా సలహా. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. రక్తంలో చక్కెర తగ్గినప్పుడు కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేసి ఆదుకోవాలి. ఆల్కహాల్ ఆ తయారీకే అడ్డుపడుతుంది. నేను భయపడేది విందు సమయం గురించి కాదు, తెల్లవారుజాము గురించి. రాత్రి పదకొండింటికి మీటరులో 240 కనబడుతుంది. అది పండ్ల రసం, బిర్యానీల పుణ్యం. కంగారుపడి ఇంకో మాత్ర వేసుకుని పడుకుంటారు. మూడు గంటలకు చెమటలు, వణుకు, తడబడే మాట. ‘రాత్రి తాగింది ఇంకా దిగలేదు’ అని ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పి వదిలేస్తారు. అలాంటప్పుడు వెంటనే షుగర్ పరీక్షించండి. 70 కంటే తక్కువుండి, మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజు లేదా చక్కెర నీటిలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

బీపీ మాత్ర కూడా ఉంది కాబట్టి, ఎండకు ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో తాగి ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్లు తిరిగి పడే ప్రమాదమూ ఉంది.

మిగతా అతిథుల కోసం ఒక్క మార్పు చేయండి: వైన్‌ను జగ్గులో కలపకండి. జగ్గులో వైన్ లేని పానీయమే ఉంచి, కావలసిన పెద్దవాళ్లకు గ్లాసులో కొలిచి పోయండి. బ్రాందీ, చక్కెర మానేయండి. స్పెయిన్‌లో వేసవికి సాంగ్రియా కన్నా సులువుగా చేసుకునే టింటో దె వెరానో ఇలాంటిదే. రెడ్ వైన్, దాదాపు అంతే నిమ్మ సోడా, నిండుగా ఐసు. ఇలాగైతే ఎవరు ఎంత తాగారో తెలుస్తుంది. అలాగని అది ఆరోగ్య పానీయం అయిపోదు. ఆల్కహాల్‌కు సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

జగ్గులో వైన్ వద్దనడానికి ఇంకో కారణం పిల్లలు. పెద్దలు వదిలేసిన గ్లాసుల అడుగున ఎర్రగా నానిన ఆపిల్ ముక్కలను వాళ్లు చెంచాతో ఏరుకుని తింటారు. ఆ ముక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది, చిన్నపిల్లల్లో కొద్దిపాటి ఆల్కహాల్‌కే చక్కెర పడిపోవచ్చు.

వేసవిలో విరేచనాలకు మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడేవారు ఎక్కువ. ఆ మాత్రలు ఆపిన మూడు రోజుల వరకు వాళ్లు వైన్ ముట్టకూడదు. గర్భిణులకు, బండి నడిపేవారికి అసలు పోయకండి.

వైన్ లేని జగ్గుకు ఒక చిట్కా. పలచని టీ డికాక్షన్ చల్లార్చి, అందులో కాస్త దానిమ్మ రసం, నిమ్మరసం, దాల్చినచెక్క ముక్క, నారింజ చక్రాలు వేసి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. వడ్డించే ముందు సోడా పోయండి. డికాక్షన్ వగరు వైన్‌ను గుర్తుచేస్తుంది. నాన్నగారికి ఇది ఒక గ్లాసు ఇవ్వవచ్చు. తరువాత ఆయన ముందు అల్లం, కరివేపాకు వేసిన పలచని మజ్జిగ పెట్టండి, ఉప్పు తగ్గించి. రాత్రి మాత్ర మామూలు మోతాదులోనే వేసుకోవాలి. అదీ భోజనం మానకుండా.