కార్డులు ఖాళీ చేసే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, కొబ్బరికాయల ధర దగ్గర మొదలుపెట్టి, ఎప్పటికో అసలు సంగతికి వచ్చింది. ఆఫీసులో నీ స్నేహితురాలి పెళ్ళికి ఫొటోలన్నీ నువ్వే తీస్తున్నావట, డబ్బులు కూడా మాట్లాడుకున్నావట. "మంచి ఉద్యోగం పెట్టుకుని ఇదేం పనిరా, నువ్వైనా చెప్పు తమ్ముడూ" అంది. ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను. వెంటనే మీ అత్తకి చెప్పాను. కాసేపాగి మళ్ళీ చెప్పాను. మూడోసారి మొదలుపెడితే "విన్నాను లెండి, పడుకోండి" అంది. రాజోలులో నా ఫొటో స్టూడియో మూసేశాక మన ఇళ్ళలో మళ్ళీ ఎవరైనా కెమెరా పట్టుకుంటారని అనుకోలేదు మరి.

తెల్లారి లేచేసరికి ఆ సంతోషం కాస్తా టెన్షన్ అయి కూర్చుంది. ఫొటో ఎలా తీయాలో నీకు నేను చెప్పను. కిందటి సంక్రాంతికి నువ్వు తీసినవి చూశాను, నీ కన్ను నాకంటే మంచిది. నా భయమంతా పెళ్ళి అయిపోయాక, కెమెరా మెమరీ కార్డుల్లోంచి కంప్యూటర్‌లోకి ఫొటోలు ఎక్కించే ఆ ఒక్క గంట గురించి.

నీకు తెలిసినవే ముందు గబగబా చెప్పేస్తాను, విసుక్కోకు. కెమెరా ఆఫ్ చేశాకే కార్డు తియ్యి. కెమెరాకే వైరు పెట్టి ఎక్కించకు, సగంలో బ్యాటరీ దిగిపోతుంది. కార్డు పెట్టి కంప్యూటర్‌కి తగిలించే రీడర్ కొనుక్కో, అదీ వేగంగా ఎక్కించే యూఎస్‌బీ 3 ది. పాత రకమైతే నిండిన 64 జీబీ కార్డుకి అరగంట దాకా పడుతుంది, రాత్రంతా నిలబడినవాళ్ళు అరగంట కూర్చుంటే నిద్రపోతారు. కార్డులో డీసీఐఎం అని ఫోల్డర్ ఉంటుంది కదా, దాన్ని మొత్తంగా కాపీ చెయ్యి. కాపీ అన్నాను, కట్ కాదు. రీడర్ లాగేసే ముందు ఎజెక్ట్ నొక్కు.

ఇక నేను చెప్పాలనుకున్నది.

2006, మాఘమాసం. మంచి లగ్నాలన్నీ వరసగా పడ్డాయి. డిజిటల్ కెమెరా కొని అప్పటికి నాలుగు నెలలు. రోల్‌కి 36 ఫొటోలు, నెగెటివ్ కడిగి వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకోవడం, ఆ బాధలన్నీ తీరిపోయాయని ఊరంతా చెప్పుకుని తిరిగాను. నా దగ్గర రెండే కార్డులు, ఒక్కోటి 512 ఎంబీ. ఒక్కోదాంట్లో 140 ఫొటోలు పడితే గొప్ప.

ఒక పెళ్ళి, అర్ధరాత్రి దాటాక ముహూర్తం. పెళ్ళికూతురి తండ్రి కువైట్‌లో డ్రైవరు. పది రోజుల సెలవు మీద వచ్చాడు. గౌరీపూజ, అల్లుడి కాళ్ళు కడగడం, కన్యాదానం, జీలకర్ర బెల్లం మొదటి కార్డులో. మాంగల్యం, తలంబ్రాలు, అరుంధతి, గ్రూపు ఫొటోలు, భోజనాలు రెండోదాంట్లో. ఇంటికొచ్చేసరికి ఆరయింది. సాయంత్రం ఇంకో పెళ్ళికి వెళ్ళాలి, కార్డులు ఖాళీ కావాలి. పెళ్ళి పేరు మీద ఒక ఫోల్డర్ చేసి మొదటి కార్డు అందులో వేశాను. రెండోదీ అదే ఫోల్డర్‌లో వేశాను. కంప్యూటర్ ఒక చిన్న పెట్టె చూపించి ఏదో అడిగింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. "యెస్ టు ఆల్" నొక్కేశాను. రెండు కార్డులూ కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేసి పడుకున్నాను.

అది అడిగింది ఏమిటో తెలుసా? ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని మీద ఇది రాసేయమంటావా అని. నా కెమెరాలో సెట్టింగు ఎలా ఉందంటే, కార్డు మార్చినప్పుడల్లా నంబర్లు మళ్ళీ 0001 నుంచి మొదలవుతాయి. రెండు కార్డుల్లోనూ అవే పేర్లు. కన్యాదానం మీద భోజనాల బంతి వచ్చి కూర్చుంది.

మూడో రోజు ఆల్బమ్‌కి ఫొటోలు ఏరదామని తెరిస్తే ఎంత వెతికినా పెళ్ళి మాంగల్యం దగ్గరే మొదలవుతుంది. మీ అత్త మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. మొదటి కార్డు పట్టుకుని రాజమండ్రి పరిగెత్తాను, అక్కడ తెలిసినాయన ఒకడు పోయిన ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడు. ఫార్మాట్ చేసినంత మాత్రాన ఫొటోలు చెరిగిపోవమ్మా, కార్డులో వాటి పట్టిక మాత్రమే పోతుంది. కానీ ఆ కార్డులోనే నేను రెండో పెళ్ళి ఎనభై ఫొటోలు తీసేశాను. కొత్తవి ముందునుంచీ పాతవాటి చోటు ఆక్రమించుకుంటూ వచ్చాయి. వెనక ఉన్న అరవై చిల్లర దొరికాయి. జీలకర్ర బెల్లం దొరికింది. కాళ్ళు కడగడం, కన్యాదానం పోయాయి.

పెళ్ళికూతురి తండ్రి అప్పటికే కువైట్ విమానం ఎక్కేశాడు. నెల తర్వాత ఫోన్ చేశాడు: "స్టూడియో గారూ, ఆల్బమ్ మా ఆడవాళ్ళు చూసుకుంటారండి. నేను అల్లుడి కాళ్ళు కడిగిన ఫొటో ఒక్కటి నాకు పంపండి, ఇక్కడ రూములో పెట్టుకుంటాను." ఫ్లాష్ పనిచేయలేదండి అన్నాను. చిట్టితల్లీ, అది అబద్ధం. ఫ్లాష్ బంగారంలా పనిచేసింది. వీడియో అబ్బాయిని బతిమాలి టేపులోంచి ఒక బొమ్మ ఆపి తీయించి, పోస్టుకార్డంత ప్రింటు వేయించి పంపాను. మొహాలు మైనంలా ఉన్నాయి, పళ్ళెం మాత్రం మెరుస్తోంది. మూడేళ్ళ తర్వాత ఆయన సెలవుకి వచ్చినప్పుడు సెంటర్లో కనబడి పర్సులోంచి తీసి చూపించాడు. అంచులు నలిగిపోయాయి. "బాగానే వచ్చిందండి" అన్నాడు. నేను టీ తాగుతూ తల ఊపాను. ఈ సంగతి మీ అత్తకి తెలుసు, ఇప్పుడు నీకు. మీ అమ్మకి చెప్పకు.

అందుకని ఇప్పుడే, ఈ ఉత్తరం పక్కన పెట్టి, కెమెరా మెనూలో ఫైల్ నంబరింగ్ ఎక్కడుందో వెతికి, కార్డు మారినా వరసగా సాగేలా పెట్టు. అయినా నమ్మకు. 9999 దాటితే అది ఎలాగూ 0001కి వస్తుంది. ఒక్కో కార్డుకి ఒక్కో ఫోల్డర్ చెయ్యి, కార్డు మీద ఉన్న నంబరే ఫోల్డర్‌కి పెట్టు. కార్డుల మీద నంబర్లు రాయలేదా? రాయి! కాపీ అయ్యాక కార్డులో ఎన్ని ఫైళ్ళు, ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్ళు, సైజు ఎంత, రెండూ సరిచూడు. మొదట్లోవి, మధ్యలోవి, చివరివి కొన్ని పెద్దవి చేసి చూడు. చిన్న బొమ్మలు బాగానే కనబడతాయి, తెరిస్తే సగం బూడిదరంగు ఉన్నవి నేను చూశాను. అప్పుడు బయటి హార్డ్ డిస్క్‌లోకి ఇంకో కాపీ. అది కూడా లెక్కపెట్టాక నిద్రపో. కార్డుల ఫార్మాట్ సంగతి ఆ వారం తలపెట్టకు. నా రోజుల్లో రెండు కార్డులు కొనేసరికే ప్రాణం పోయేది, నువ్వు ఇంకో రెండు కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను. మీ అమ్మ చూస్తే చీరకి అని చెప్పు.

నీ కెమెరాకి రెండు కార్డులు పట్టే చోటు ఉంటే రెంటిలోనూ ఒకే ఫొటో పడేలా పెట్టు. నీతో ఇంకెవరైనా తీస్తుంటే ముందురోజే రెండు కెమెరాల్లో టైము ఒక్కటి చెయ్యి, లేకపోతే ఆల్బమ్ వరస కలిపేటప్పుడు తలంబ్రాల తర్వాత మంగళస్నానం వస్తుంది.

ఏదైనా కార్డు మొండికేస్తే ఇంక దాంతో ఒక్క ఫొటో కూడా తీయకు. పక్కనుండే ఆ చిన్న తాళం కిందికి జరిపి విడిగా పెట్టు. ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, దొరికినవి అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లో సేవ్ చేయాలి. అవీ దొరక్కపోతే అదే రోజు ఆ అమ్మాయికి నిజం చెప్పు. ఫ్లాష్ మీద పెట్టకు.

కార్డులు కెమెరా బ్యాగులో వేయకు, రాత్రి బస్సు ఎక్కుతావు, పైన పెట్టి నిద్రపోతావు, నాకు తెలుసు. పార్సిల్‌లో రెండు ఫిల్మ్ రోల్ డబ్బాలు పంపుతున్నాను, ఇన్నాళ్ళూ ఒకదాంట్లో మీ అత్త పిన్నీసులు వేసుకుంది. నీ కార్డు వాటిలో సరిగ్గా పడుతుంది, కొలిచి చూశాను. నల్ల మూతది నిండిన కార్డులకి, తెల్ల మూతది ఖాళీవాటికి. నల్లది హ్యాండ్‌బ్యాగులో, నీ ఒళ్ళో ఉండాలి.

ఫైళ్ళు లెక్కపెట్టాక నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, ఎలాగూ మెలకువగానే ఉంటాను. ఆ మూతలు చాలా బిగుతు, గోరు విరగ్గొట్టుకోకు, చెంచాతో లేపు.

మీ మావయ్య