జ్యూరీ కాగితం మీద టిక్ పెట్టే ముందు

చిన్నీ,

నీకు జ్యూరీ డ్యూటీకి సమన్లు వచ్చాయని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదట నవ్వొచ్చింది. ఆస్పత్రి వరండాలో తువ్వాలుతో చుట్టి నా చేతిలో పెట్టిన పిల్లని టెక్సస్ కోర్టు వాళ్లు మామూలు జనంతో కలిసి కూర్చుని కేసులో తీర్పు చెప్పమంటున్నారు! గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడం ఎందుకు. అంతలో మీ అమ్మ, "అదేం లేదక్కా, సిటిజన్ కాదు అన్న గడిలో టిక్ పెట్టి పంపేస్తుందట, మొన్నటిదాకా గ్రీన్‌కార్డే కదా" అంది. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే తిడతానని రాస్తున్నాను.

ఆ టిక్ పెట్టకు. అది సిటిజన్ కానివాళ్లు జ్యూరీ తప్పించుకునే గడి, నువ్విప్పుడు సిటిజన్‌వి.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. కాగితంలో మినహాయింపులు ఉంటాయి, చదువు. పన్నెండేళ్ల లోపు పిల్లలుండి, నువ్వు వెళ్తే చూసుకునే దిక్కు లేకపోతే చట్టమే నిన్ను వదిలేస్తుంది. కానీ బుడ్డోడు రోజూ డే కేర్‌కి వెళ్తున్నాడు కదా, మరి దిక్కు లేదని ఎలా రాస్తావ్? ఆఫీసులో రిలీజ్ ఉందంటే వాయిదా అడుగు, ఆరు నెలల లోపు ఇంకో తేదీ ఇస్తారు. జ్యూరీకి వెళ్లావని ఉద్యోగంలోంచి తీసేయడానికి వీల్లేదు, జీతం ఇస్తారో లేదో మాత్రం హెచ్ఆర్ వాళ్లని కనుక్కో. అసలు జవాబే ఇవ్వకపోతే ఫైన్ 100 నుంచి 1000 డాలర్ల దాకా.

మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఇంగ్లీషు రాదని చెప్పు, పంపించేస్తారు" అన్నారట. పదేళ్లుగా ఇంగ్లీషులో మీటింగులు నడిపే దానివి, జడ్జి ముందు ప్రమాణం చేసి ఇంగ్లీషు రాదంటావా? సిగ్గుండాలి, నీకు కాదు, చెప్పినవాడికి.

ఇప్పుడు నా సంగతి. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2003లో నాకూ ఇదే కాగితం వచ్చింది. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి నాలుగు నెలలు. ప్రమాణం చేసిన వారంలోనే మీ పెదనాన్న, నేను ఓటుకి నమోదు చేసుకున్నాం కూడా. కాగితం వచ్చిన రోజు ఆయన ఊళ్లో లేరు. నాకు ఆఫీసు లేదు, చంటిపిల్లలు లేరు. ఉన్నదల్లా భయం. అన్నేళ్లు అమెరికాలో ఉండి కూడా బ్యాంకులో మాట్లాడాలంటే ముందు రోజే వాక్యం తయారుచేసుకునేదాన్ని. అలాంటిది లాయర్లు నిలబెట్టి ప్రశ్నలడుగుతారట! పైగా చిన్నప్పటి నుంచీ మీ తాతయ్య మాట చెవిలో ఉంది: ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట. జ్యూరీ అంటే ఆయనకి తెలిసింది బొంబాయి నానావతి కేసు, ఒక నేవీ ఆఫీసరు మీద పెట్టిన హత్య కేసు. తొమ్మిది మందిలో ఎనిమిది మంది నిర్దోషి అన్నా జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపేశాడని, "ఆ మాత్రానికి వాళ్లని కూర్చోబెట్టడం దేనికి" అని నవ్వేవారు. నేనూ అదే అనుకున్నాను, నేను లేకపోతే ఏం మునిగిందని. స్టవ్ మీద తాలింపు వేగుతుండగా, వంటింటి గట్టు మీద కాగితం పెట్టి, సిటిజన్ కాదు అన్న గడిలో టిక్ పెట్టి, కింద సంతకం చేశాను. కాగితం మీద పడిన నూనె చుక్క కూడా గుర్తుంది.

మూడు నెలలకి ఓటర్ల నమోదు ఆఫీసు నుంచి ఉత్తరం. మీరు పౌరులు కాదని కోర్టుకి రాసిచ్చారు, ముప్పై రోజుల్లో రుజువు చూపకపోతే మీ ఓటు తీసేస్తాం అని. ఇక్కడ అలా రాసిచ్చినవాళ్ల జాబితా కోర్టు నుంచి వాళ్లకి వెళ్తుందట. ప్రాసిక్యూటర్‌కీ వెళ్తుందట, పౌరులు కానివాళ్లు ఓటేయడం నేరం కాబట్టి. అంటే నేను దొంగ ఓటరునన్నా అవ్వాలి, కోర్టుకి అబద్ధం రాసినదాన్నన్నా అవ్వాలి. మూడో దారి లేదు.

మీ పెదనాన్న ఉత్తరం రెండుసార్లు చదివారు. "తిట్టండి" అన్నాను. "అన్నం తిన్నావా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు లాకర్లోంచి సర్టిఫికెట్ తీసుకుని ఇద్దరం వెళ్లాం. కౌంటర్లో ఆవిడ సర్టిఫికెట్ చూసి, నా ఫారం చూసి, ఈ సంతకం మీదేనా అంది. అవునన్నాను. మరి ఇలా ఎందుకు రాశారంది. రాత్రంతా తయారుచేసుకున్న వాక్యం ఒక్క ముక్క రాలేదు. "భయమేసింది" అని మాత్రం చెప్పగలిగాను. ఆవిడ కాపీ తీసుకుని పంపించేసింది. అంతే, ఏమీ కాలేదు. అప్పుడు కాలేదు కదా పెద్దమ్మా అనకు. ఇప్పటి రోజులు వేరు, మనలాంటి వాళ్ల కాగితాలు భూతద్దం పెట్టి చూస్తున్నారు. నాకైతే ఇప్పటికీ ప్రభుత్వ కవరు ఏదొచ్చినా ముందు మీ పెదనాన్న ఫోటో వైపు చూసి, ఆ తర్వాతే చింపుతాను.

2009లో మళ్లీ పిలిచారు. ఈసారి వెళ్లాను. తాగి కారు నడిపాడన్న కేసు, జ్యూరీలో ఆరుగురం. మొదటి రోజుకి ఇచ్చింది ఆరు డాలర్లు, పార్కింగుకి కూడా చాలలేదు (ఇప్పుడు 20 ఇస్తున్నారు, రెండో రోజు నుంచి 58). మేం లోపలికి వస్తుంటే కోర్టులో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. తర్వాత గదిలో ఐదుగురు ఒక మాట మీద ఉంటే, ఆ వీడియో ఇంకోసారి వేయించండి అన్నది నేనే. వేయించారు, నా ఇంగ్లీషుతోనే.

సరే, సిటిజన్ దగ్గర అవును అని పెట్టి వాయిదా అడుగు. తేదీ రాగానే చెప్పు, రెండు రోజులు ముందే వచ్చి బుడ్డోడిని నేను చూసుకుంటా. వాడికి నా చేతి పప్పన్నం అలవాటు చేయాలి కూడా. స్వెటర్ తీసుకెళ్లు, ఆ హాల్లో ఏసీకి చలి చంపేస్తుంది. ఒక పుస్తకం పెట్టుకో, సగం రోజు కూర్చోవడమే పని.

మీ పెద్దమ్మ

మర్చిపోయాను: జ్యూరీకి రాలేదు, అరెస్టు చేస్తాం, గిఫ్ట్ కార్డు కొని నంబరు చెప్పమని ఎవడైనా ఫోన్ చేస్తే వాడు దొంగ. పెట్టేయ్. మీ అమ్మకీ చెప్పు, తను ఎవరు ఫోన్ చేసినా పావుగంట మాట్లాడుతుంది.